సామి పసులకు సొంతక్కారి

ఆండిపట్టి దాటి తేనికి పోయే బస్సులో మందనాయకన్‌పట్టి దగ్గర దిగి, కొండ వైపు నడుస్తూ, ఎదురైన వాళ్ళనల్లా "ఆ మందలో పసులు ఎవరివి?" అని అడిగి చూడండి. ఆడవాళ్ళు నవ్వుతారు. మగవాళ్ళు మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. "ఎవురివీ కావు, సామివి" అంటారు. మరి మేపేదెవరు, నీళ్ళు పెట్టేదెవరు, జబ్బు చేస్తే పసరు పోసేదెవరు అంటే మేమేనంటారు. అయితే మీవే కదా అన్నారనుకోండి, చెంపలు వేసుకుని పక్కకు తప్పుకుంటారు.

వందల ఏళ్ళ కిందట ఉత్తరం నుంచి దిగివచ్చిన కంబళం కులపు తెలుగువాళ్ళ ఊరు అది. వాళ్ళ తెలుగు సగం తమిళంలో కరిగిపోయింది. మిగిలిన సగం కూడా నోట్లోనే తప్ప కాగితం మీద లేదు. ఇళ్ళు మారాయి, పంటలు మారాయి, కుర్రకారంతా తిరుప్పూరు మిల్లులకు తరలిపోయింది. కులదేవత జక్కమ్మకు వదిలిన పసులు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి పాలు పిండరు, వాటిని అమ్మరు, నాగలికి కట్టరు. ఆవు ఈనితే పాలన్నీ దూడకే. ముసలిదై పోతే మనిషికి చేసినట్టే చేసి పూడుస్తారు. మందకు ముందు పట్టపుటెద్దు నడుస్తుంది, వెనక కర్ర పట్టిన మనిషి నడుస్తాడు. ఊరి పెద్దలు నల్ల కంబళి పరిచి, దాని మీద కూర్చుని, ఆ కర్రను అప్పగిస్తారు. కర్ర పట్టినవాడు కాలికి చెప్పు తొడగకూడదు. నోటితో "నా పసులు" అనకూడదు. అంటే కర్ర దించేసి వెళ్ళిపోవాలి, బతికున్నంత కాలం మందలో కాలు పెట్టకూడదు, పసువును తాకకూడదు. కర్ర పట్టినా పట్టకపోయినా, ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళకూ ఆ కట్టు వర్తిస్తుంది. ఆ మాట ఎవరైనా అన్నట్టు ఊళ్ళో ఎవరికీ జ్ఞాపకం లేదు. కనుక ఆ కట్టు ఎంత గట్టిదో కూడా ఎవరికీ తెలియదు, వినోదిని పర్యావరణం చదివేదాకా.

వినోదిని ఆ మందలో పెరిగిన పిల్ల. తల్లి కాన్పులోనే పోయింది. తండ్రి లారీ పనికి వెళ్ళి, ఎక్కడో ఇంకో సంసారం పెట్టుకుని, ఇటు తొంగి చూడటం మానేశాడు. పిల్లను ఎత్తుకున్నది పెదనాయన అళగర్‌సామి. కర్ర పట్టిన మనిషి ఆయనే. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "ఇంత సంసారం ఉండాదే, చాలదా?" అని మంద వైపు గడ్డం చూపించేవాడు. పసిపిల్లను భుజాన వేసుకుని కొండ ఎక్కేవాడు, దిగేవాడు. చుట్టూ అన్ని ఆవులు పొదుగులు నింపుకుని నిలబడి ఉన్నా పిల్ల నోట్లో ఒక్క చుక్క పోయలేదు. పక్కింట్లో మేకపాలు అడిగి తెచ్చి పట్టాడు. అంత నిష్ఠ ఆయనది.

ఆమె పెరియకుళం బళ్ళో చదువుతుండగా పాఠం పుస్తకంలో ఒక కొండ బొమ్మ వచ్చింది. కింద "అడవులను కాపాడుదాం" అని తమిళంలో రాసి ఉంది. ఆ బొమ్మలో చెట్లున్నాయి, ఏనుగుంది, నెమలి ఉంది. మనిషి లేడు, ఆవు లేదు. పిల్ల పెన్సిలు తీసి ఒక మూల పెదనాయనను గీసింది, పక్కన ఎద్దును గీసింది. పుస్తకం పాడుచేసినందుకు టీచరు చేతిలో దెబ్బలు తిన్నది. ఆ తరువాత ఆమె చదివిన చదువంతా ఆ బొమ్మను సరిచేయడానికే అంటే అబద్ధం కాదు. మధురైలో ఎమ్మెస్సీ చేసింది. కొండకూ దాన్ని నమ్ముకున్న మనుషులకూ మధ్య ఉన్న సంబంధం మీద పీహెచ్‌డీ చేసింది. సెలవులొస్తే మందలో చెప్పులు విప్పి కూర్చునేది. పట్టపుటెద్దుకు వారసుడిగా ఎంచిన దూడ అప్పుడు పుట్టింది. దాని మూతికి బెల్లం రాసి నాకించింది కూడా ఆమే.

పీహెచ్‌డీ అయ్యాక మధురై కాలేజీలో గెస్ట్ లెక్చరరు అయింది. అతిథి అంటే ఒక పూట ఉండి పోయేవాడని మనం అనుకుంటాం. మన కాలేజీలు అలా అనుకోవు. ఏళ్ళకు ఏళ్ళు అదే అతిథి, అదే బెంచీ, అదే సిలబస్. ప్రతి జూన్‌లోనూ ఉంచుతారో పంపిస్తారో తెలియదు. స్టాఫ్ ఫొటో తీస్తే చివరి వరుసలో, చివరి మనిషి. పెర్మనెంటు పోస్టు కోసం చెన్నై నుంచి కన్యాకుమారి దాకా చెప్పులరిగేలా తిరిగింది. జుట్టులో తెల్ల వెంట్రుకలు కనబడటం మొదలైంది.

పెదనాయనకు ఆమె పని సంగతి పూర్తిగా అర్థమయ్యేది కాదు. ఒకసారి మధురై వచ్చినప్పుడు అడిగాడు.

"ఏమి చెప్పిస్తావు పాపా ఆడ పిల్లోళ్ళకి?"

"కొండా, కాడూ, మనుసులూ ఒకర్నొకరు చెడుపుకోకుండా ఎట్ల బతకాల అని చెప్పిస్తా పెదనాయనా."

"దానికి కాలేజీ ఉండాదా!" అని ఆయన నోరు తెరిచాడు. ఆ తరువాత ఊరు వెళ్ళి, కనబడిన వాళ్ళకల్లా ఆ మాటే చెప్పాడు. ఫోన్‌లో మాత్రం ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "పెర్మనెంటు ఆయెనా?" ఇంకా కాలేదంటే, "పరవాయిల్లె పాపా. జక్కమ్మ చూస్తానే ఉండాది" అనేవాడు.

అలాంటి రోజుల్లో కోయంబత్తూరు నుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఒక పరిశోధన సంస్థలో ప్రొఫెసరు బాలమురుగన్‌కు అడవుల్లో మేత మీద పెద్ద ప్రాజెక్టు దొరికింది. ఏ కొండ మీద ఏ మంద మేస్తోంది, దాని వల్ల ఏమవుతోంది, ఎవరికి అనుమతి ఇవ్వవచ్చు అని ప్రభుత్వానికి సలహా చెప్పే పని. తమిళమూ తెలుగూ వచ్చి, కొండలు ఎక్కగలిగే మనిషి కావాలి. బాలమురుగన్ చెడ్డవాడు కాదు. "ఇది బాగా చేయండి మేడం, తరువాత ఇక్కడ ఒక పోస్టు పడుతుంది. మీకంటే తగినవాళ్ళు ఎవరుంటారు?" అన్నాడు. ఆ మాటను వినోదిని నెత్తిన పెట్టుకుంది.

కాలేజీ వదలకుండానే, సెలవుల్లో ఊరూరూ తిరిగింది. చేతిలో ట్యాబు. మంద ఎక్కడిది, ఏ దారిన ఎక్కుతుంది, ఎప్పుడు దిగుతుంది, సొంతదారు ఎవరు. చివరికి సొంత ఊరి వంతు వచ్చింది. అళగర్‌సామి ఎదురుగా చాప మీద కూర్చుని, బయటివాళ్ళను అడిగినట్టే అన్నీ వరుసగా అడిగింది. ఆయన కూడా ముచ్చటపడి, పరీక్ష రాస్తున్నట్టు ఒళ్ళు దగ్గర పెట్టుకుని జవాబులు చెప్పాడు.

"సొంతక్కారు ఎవురు పెదనాయనా?"

"ఎవురూ లే. రాసుకో. సామివి."

ఆమె వేలు ట్యాబు మీద కాసేపు ఆగింది. ఊరి పేరు రాయవచ్చు. కర్ర పట్టిన మనిషి పేరు రాయవచ్చు. వేరే జిల్లా నుంచి, వేరే కులం నుంచి ఎవరో వచ్చి ఉంటే సరిగ్గా అదే చేసేవాళ్ళు. ఎవరు మేపుతుంటే వాళ్ళ పేరు కొట్టేసి ముందుకు పోయేవాళ్ళు. వినోదిని అలా చేయలేకపోయింది. జనం చెప్పిందే రాయాలి, మనకు తోచింది కాదు అని తన విద్యార్థులకు ఏళ్ళుగా నేర్పిన పాఠం ఒకటి. దానికంటే లోపల, ఆ ఊళ్ళో పుట్టిన పిల్లగా, ఆ గడిలో మనిషి పేరు పెట్టడానికి చెయ్యి రాలేదు. "సొంతదారు లేరు" అని కొట్టింది. కింద సామి పసుల సంగతంతా, కట్టు సంగతంతా ప్రేమగా పేజీలకు పేజీలు రాసింది. రాసినంతసేపూ గర్వంగానే ఉంది.

ఆ పేజీలు రిపోర్టు చివర అనుబంధంలోకి వెళ్ళాయి. అనుబంధాలు చదివే అధికారి ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.

కోయంబత్తూరులో రిపోర్టు విడుదల చేసినప్పుడు చప్పట్లు కొట్టారు. ఆమె పేరు రెండో పేరుగా అచ్చయింది. ఆ ఏడు మాసి నెలలో, ఎండలు ముదిరి మంద కొండెక్కే వేళకు, ఆ రిపోర్టు ఆధారంగా కొత్త ఉత్తర్వు దిగింది. సొంతదారు ఉన్న పసులకు పాసు ఇస్తారు. సొంతదారు లేనివి దిక్కులేని పసుల కిందే లెక్క. అవి అడవిలో అడుగు పెట్టకూడదు, పెడితే పట్టి తోలుకుపోతారు.

మధురైలో క్లాసు మధ్యలో ఉండగా ఫోన్ వచ్చింది. చేసింది గణేశన్. వరసకు తమ్ముడు, మందలో పెదనాయనకు చేదోడుగా ఉండేవాడు.

"అక్కా, గార్డులు మందని ఆపేసిరి. కొండెక్కనియ్యరంట. ఎద్దు గేటు కాడ్నే నిలబడి అరస్తా ఉండాది. నువ్వు రా."

వెళ్ళింది. కొండ మొదట్లో అడవి శాఖ వాళ్ళ గేటు దగ్గర మంద మొత్తం ఎండలో నిలబడి ఉంది. రేంజరు కుర్రవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. "మేడం, నా చేతుల్లో ఏమీ లేదు" అని ఫోన్ తీసి చూపించాడు. "ఇది మీ రిపోర్టే కదా?"

వినోదిని చూసింది. తన పేరు. తను నింపిన పట్టిక. మందనాయకన్‌పట్టి వరుస. చిన్నప్పుడు పుస్తకంలో లేని మనిషిని పెన్సిలుతో గీసిన చెయ్యి ఇది. ఇంత చదివి, ఇన్ని కొండలెక్కి, ఆ మనిషిని అదే చేత్తో తుడిచేసింది.

గేటు దగ్గర అళగర్‌సామి అడిగాడు. "ఏమి రాసుండాది పాపా దాంట్లో?"

"సొంతక్కారు లేరని రాసుండాది పెదనాయనా. నేనే రాస్తిని."

"నేను చెప్పిందే కదా రాస్తివి. అబద్దం రాయలేదే. నీ తప్పు ఏముండాది?" అన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు ఎంత బాగుండేదో.

కోయంబత్తూరు పరుగెత్తింది. బాలమురుగన్ తల పట్టుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడు. రిపోర్టు సవరించాలంటే కమిటీ కూర్చోవాలి, మళ్ళీ సర్వే చేయాలి, అది వచ్చే ఏటి మాట అన్నాడు. "ఒక్కటే దారి మేడం. ఎవరో ఒకరు తేని ఆఫీసుకు వెళ్ళి, ఇవి నావి అని అధికారి ముందు నోటితో చెప్పి సంతకం పెట్టాలి. ఒక్క మాట. అంతే." ఆయన దృష్టిలో అది ఒక్క మాటే.

ఊళ్ళో కంబళి పరిచారు. కులానికి పెద్ద అయిన పెద్ద నాయకరూ, మిగతా పెద్దలూ కూర్చున్నారు. పొలాల్లో మేత లేదు. మునగ తోటలు, మల్లె తోటలు, మధ్యమధ్య ప్లాట్ల రాళ్ళు. కొండ గడ్డి తప్ప ఎరగని పసులు కొన్న గడ్డిని మూతితో నెట్టి వదిలేస్తున్నాయి. అప్పటికే రెండు ముసలి ఆవులు పోయాయి, దూడలు ఒక్కొక్కటే వాలిపోతున్నాయి. అయినా కంబళి మీద ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ మాట అనమని పక్కవాడికి చెప్పడం కూడా పాపమే వాళ్ళకు.

కంబళి అంచున నిలబడి వినోదిని అంది. "నేను పోయి అంటా. చెడిపింది నేనే కదా."

అళగర్‌సామి దిగ్గున లేచాడు. ఆయన గొంతు పెంచడం ఆమె ఎప్పుడూ వినలేదు. "నువ్వు అనగూడదు! ఇంగెవురైనా అనొచ్చు, నువ్వు అనగూడదు. అమ్మ లే, నాయన లే, మంద ఒకటే కదా నీకు ఉండేది. నీ చదువంతా దీంట్లోనే ఉండాది. ఇది కూడా లేకపోతే నువ్వు యాడికి వస్తావు పాపా? ఎవురి కాడికి వస్తావు?"

సభ ఏమీ తేల్చకుండానే లేచిపోయింది. మరుసటి రోజు పట్టపుటెద్దు మోకాళ్ళ మీద కూలబడింది. నలుగురు పట్టి లేపినా నిలబడలేకపోయింది.

ఆ మరుసటి పొద్దున, వినోదిని తేని బస్సు కోసం నిలబడి ఉండగా, అళగర్‌సామి బస్‌స్టాపు దగ్గరకు వచ్చి, "నడు పాపా, తేనికి" అన్నాడు. ఆమె ఆయన ముఖం చూసింది, తరువాత కిందికి చూసింది. కాళ్ళకు కొత్త రబ్బరు చెప్పులు. అన్నేళ్ళలో ఆ కాళ్ళకు చెప్పులు చూడటం అదే మొదలు. కర్ర చేతిలో లేదు. దారిలో జక్కమ్మ రాయికి ఆనించి వచ్చాడు. ఆ మాట ఆయనే అనబోతున్నాడని అర్థమై ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు పెదనాయనా. తిరిగి పోదాం."

"ఎద్దు పడిపోయె పాపా. ఇంగ ఏమి మిగిలుండాది చూసుకునేదానికి?"

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. చెప్పులు కరుస్తున్నాయేమో, కాళ్ళు అటూ ఇటూ జరుపుకుంటున్నాడు. సగం దారిలో ఉన్నట్టుండి అన్నాడు. "తెలుగులో అంటే నా నోరు రాదు. తమిళంలో అంటా. జక్కమ్మకి తమిళం రాదేమో." అని నవ్వాడు. ఆ నవ్వు నిలబడలేదు. "ఇన్ని వందల ఏండ్లు ఈడ ఉండి, రాకుండా ఎట్లుంటాది?" అని తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆఫీసులో పని చాలా తేలిగ్గా అయిపోయింది. అధికారి కళ్ళద్దాలు సర్దుకుని తమిళంలో అడిగాడు, ఈ పసులు ఎవరివని. అళగర్‌సామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అధికారి మళ్ళీ అడిగాడు. "ఎన్నుదు సార్" అన్నాడాయన. నావి అని. వేలిముద్ర వేశాడు. ముద్ర వేసిన వేలిని ఏం చేయాలో తెలియనట్టు గాల్లోనే పట్టుకుని బయటికి నడిచాడు.

సాయంత్రానికి మంద కొండెక్కింది. ఎద్దును బండిలో గేటు దాటించి, నీడన వాగు పక్కన దింపారు. రెండు రోజులకు లేచిందని గణేశన్ చెప్పాడు. కర్ర గణేశన్ చేతికి ఇచ్చారు. అళగర్‌సామి ఇదేదీ చూడలేదు. గోడ వైపు తిరిగి ఇంట్లో కూర్చున్నాడు. ఊరు ఆయనను ఒక్క మాట అనలేదు. పెద్ద నాయకరు ఇంటికి వచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కానీ కట్టును మాత్రం సడలించలేదు. సడలించమని అళగర్‌సామి అడగనూ లేదు.

వినోదిని ఆయనను మధురై తీసుకువెళ్ళింది. పళంగానత్తంలో రెండు గదుల అద్దె ఇల్లు. పొద్దున్నే లేచి చెప్పులు వేసుకుని వీధి చివర దాకా నడిచి వచ్చేవాడు. ఆ వీధిలో పాలవాడి ఆవులు రెండు తిరుగుతుండేవి. ఒకరోజు ఆమె మేడ మీద నుంచి చూసింది. ఒక ఆవు వచ్చి ఆయన చేతిని వాసన చూసింది. సామి ఆవు కాదు, ఏ కట్టూ లేదు, తాకవచ్చు. అయినా ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. అది విసుగెత్తి వెళ్ళిపోయేదాకా అలాగే ఉన్నాడు. పైకి వచ్చాక, "మనిసి వాసన పట్టేస్తాయి పాపా, అవి మర్చిపోవు" అన్నాడు.

ఆయనకు జబ్బంటూ ఏమీ రాలేదు. తిండి తగ్గింది, మాట తగ్గింది, ఏడాది తిరగకుండానే మనిషి తగ్గిపోయాడు. ఒక మధ్యాహ్నం ఆమె కాలేజీ నుంచి వచ్చేసరికి చాప మీద ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు, ఎప్పుడూ పడుకునేటట్టే. చెప్పులు గుమ్మం దగ్గర జతగా ఉన్నాయి. లేపితే లేవలేదు.

కర్ర పట్టిన మనిషి పోతే మంద పక్కనే పూడుస్తారు. పట్టపుటెద్దును తెచ్చి తల దగ్గర నిలబెడతారు. అళగర్‌సామికి కర్ర అప్పగించిన మనిషి అక్కడే ఉన్నాడు, అంతకు ముందటి మనిషీ అక్కడే ఉన్నాడు. ఆయనను మాత్రం రోడ్డు అవతల, అందరినీ పూడ్చే చోట పూడ్చారు. ఉరుమి డోలు మోగించారు, ఊరంతా వచ్చింది, లోటేమీ చేయలేదు. మంద ఆ రోజు కొండ దిగలేదు. దిగనివ్వకుండా గణేశన్ పైనే ఉండి చూసుకున్నాడు. పెదనాయనకు మంద పక్కన చోటు కూడా మిగలకుండా చేశానని వినోదిని మట్టి వేస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. పట్టుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళందరూ తెల్లబోయి తామూ ఏడ్చారు.

ఆమె బాధ అక్కడితో ముగిసినా బాగుండేది. పాసు అళగర్‌సామి పేరు మీద ఉంది. మనిషి పోతే పాసు పోతుంది. వానలు కుదురుకుని మంద దిగింది. మళ్ళీ ఎక్కే వేళకు వారసులు ఎవరో వచ్చి, ఇవి నావి అని అధికారి ముందు చెప్పాలి. ఆయన రేషన్ కార్డులో ఆయనతో పాటు ఉన్న పేరు ఒక్కటే, వినోదినిది. కార్డు బయట వారసుడిగా చూపగలిగిన చుట్టం గణేశన్ ఒక్కడే.

అదే వారంలో బాలమురుగన్ ఫోన్ చేశాడు. పోస్టు పడింది. అడవి మేత విధానం మీద పనిచేయడానికి, పెర్మనెంటు. ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది. సంతోషంగా చెప్పి, గొంతు తగ్గించాడు. "మేడం, ఒక్క మాట. ఆ మందకు మీరు సొంతదారుగా సంతకం పెడితే మాత్రం కుదరదు. ఆ కొండల్లో పసులున్న మనిషి ఆ కొండల మేత మీద సలహా చెబితే ఎవరు నమ్ముతారు? రూలు నాది కాదు. ఇంకెవరి చేతనైనా పెట్టించండి."

గణేశన్ ముందుకు వచ్చాడు. "నేను అంటా అక్కా. నువ్వు ఉండు."

"నువ్వు అంటే కర్ర ఎవురు పడతారు?"

గణేశన్ చుట్టూ చూశాడు. పెద్ద నాయకరు చుట్టూ చూశాడు. కంబళి మీద ఉన్నవాళ్ళందరూ ముసలివాళ్ళు, కొండ ఎక్కలేనివాళ్ళు. ఎక్కగలిగిన వయసు వాళ్ళు తిరుప్పూరులో బనియన్లు కుడుతున్నారు.

అప్పుడు వినోదినికి పెదనాయన అరిచిన అరుపు గుర్తొచ్చింది. నువ్వు అనగూడదు, ఇది కూడా లేకపోతే యాడికి వస్తావు. ఏ ఒక్కటి తనకు మిగలాలని ఆ మనిషి చెప్పులు తొడిగాడో, నోరు చెడుపుకున్నాడో, దిక్కులేని చోట పడుకున్నాడో, అది ఇప్పుడు తన నోటితోనే పోవాలి. ఆయన పడిన పాట్లన్నీ ఒక్క ఏటి మేత కోసమే అయ్యాయి. లెక్కలూ పట్టికలూ ఎన్నో చదివిన మనిషి, దీనికి మాత్రం ఏ దారీ కనుక్కోలేకపోయింది.

ఒకరోజు ముందుగా ఊరికి వెళ్ళింది. చెప్పులు మంద బయట విడిచి లోపలికి నడిచింది. దూడగా ఉన్నప్పుడు తను బెల్లం నాకించిన పట్టపుటెద్దు, ఇప్పుడు ముసలిదై, పడుకుని నెమరు వేస్తోంది. దాని గంగడోలు నిమిరింది. మెడ మీద ముఖం ఆనించి చాలాసేపు కూర్చుంది. దూడలన్నింటినీ పేరుపేరునా పిలిచింది. గణేశన్ అటు రాకుండా గట్టు మీద కూర్చుండిపోయాడు. పొద్దు వాలాక బయటికి వచ్చి చెప్పులు వేసుకుంది.

తేనిలో అదే అధికారి, అదే బల్ల. ఆయన అడిగాడు. ఆమె చెప్పింది. వేలిముద్ర అవసరం లేదు, ఇంగ్లీషులో సంతకం పెట్టింది. ఇంటర్వ్యూకు రాలేనని బాలమురుగన్‌కు బస్సులోంచే మెసేజి పెట్టింది.

కొత్త ఉత్తర్వులో ఇంకో మెలిక ఉంది. ప్రతి ఏడూ మంద కొండెక్కే పొద్దున సొంతదారు స్వయంగా గేటు దగ్గర ఉండి, అడిగితే జవాబు చెప్పాలి. అందుకని ఏటా ఆ రోజు వినోదిని మధురై నుంచి సెలవు పెట్టి వస్తుంది. మధురైలో ఆమె ఇప్పటికీ గెస్ట్ లెక్చరరే. రోడ్డు అవతల, పసువు తోక కూడా తగలనంత దూరంలో నిలబడుతుంది. కాళ్ళకు చెప్పులుంటాయి. ఊరివాళ్ళు ఆమెకు దండం పెట్టి, దాటి వెళ్ళి, పసుపునీళ్ళు పట్టుకుని మంద పక్కన నిలబడతారు.

మొన్న మాసిలో గార్డు కొత్తవాడు. పాసు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరివి ఇవి?" అని గట్టిగా అరిచాడు. మంద చుట్టూ ఉన్న ఊరు ఊరంతా తలలు వంచుకుంది.

"నావి" అంది వినోదిని.

ఆ గొంతు విని ముసలి ఎద్దు ఆగింది. తల తిప్పి రోడ్డు అవతలికి చూసింది. మూతి చాచి, ఆమె వైపు రెండడుగులు వేసింది. వినోదిని చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. గణేశన్ కళ్ళు తుడుచుకుంటూ కర్రతో మెల్లగా దాని మెడ మళ్ళించాడు. అది గేటు దాటింది. దాని వెనక మందంతా దాటింది. గార్డు గేటు వేశాడు. మంద సొంతక్కారి మధురై బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.